లైట్‌హౌసు గురించి నేనాడిన అబద్ధం

పెళ్ళయి ఎనిమిది నెలలైనా పట్టపగలు మా ఆయనా నేనూ ఒంటరిగా ఒక్క మాట మాట్లాడుకున్నది లేదు. పెరంబూరులో మామగారి రైల్వే క్వార్టర్సుకి గదులు రెండు, మనుషులం తొమ్మిదిమంది. ఆయనకి మంచినీళ్ళు అందించబోతే మధ్యలో పెద్దాడపడుచు, మా వదిన, చెయ్యి అడ్డం వచ్చేది. నవ్వబోతే అత్తగారికి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది. యాభైల నాటి మద్రాసులో కొత్త కోడళ్ళందరి బతుకూ అంతే అనేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అందుకే ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ మహాబలిపురం పోదామనగానే ప్రాణం లేచివచ్చింది. శిల్పాల మీద ప్రేమతో కాదు. అక్కడ గుట్ట మీద లైట్‌హౌసు ఉందనీ, పైకి ఒక్కోసారి నలుగుర్నే పంపుతారనీ పక్కింటావిడ చెప్పింది. ఆ నలుగుర్ని ఇద్దర్ని చేయడం నా పని.

బస్సు చెంగల్పట్టు దాటగానే మొదలుపెట్టాను.

"ఆ మెట్లు మహా సన్నమంట వదినా. పోయిన నెల్లో ఒకామె సగంలోనే కళ్ళు తిరిగి కూలబడిందంట. తాళ్ళు కట్టి దించినారంట."

వదిన ముఖం పాలిపోయింది. బాగుందే అని ఇంకాస్త ఉప్పూ కారం తగిలించాను. పైన గాలికి చీరలు నిలవవన్నాను. గట్టి గుండెకాయకి కూడా దడ పుడుతుందన్నాను. మామగారు అప్పుడే ఛాతీ తడుముకున్నారు.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ కొనమీద గుడి చూశాం. అలలొచ్చి రాళ్ళని కొడుతుంటే వదిన పిల్లలు కేకలు పెట్టారు. ఏటవాలు మీద ఇప్పుడో అప్పుడో దొర్లేటట్టున్న గుండ్రాయికి మామగారు వీపు ఆనించి, తానే దాన్ని ఆపుతున్నట్టు నిలబడ్డారు. తర్వాత పులిహోర పొట్లాలు విప్పారు. నాకు ఒక్క ముద్ద దిగితే ఒట్టు.

లైట్‌హౌసు దగ్గరికి చేరాక మామగారు నీడ చూసుకుని కూర్చున్నారు. వదిన పిల్లల రెక్కలు గట్టిగా పట్టుకుంది. మరిదికి హఠాత్తుగా నిద్రొచ్చింది. నా పాచిక పారిందనుకుని, మెట్లవైపు ఒకడుగు వేసి ఓరకంట మా ఆయన్ని చూశాను.

ఆయన మెడ తుడుచుకుంటూ, "నేను రాను. తాళ్ళు కట్టి దించినారంట కదా" అన్నారు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే. ఇంతలో అత్తగారు లేచి కొంగు బిగించారు.

"సరి, పదమ్మే. నేనొస్తా."

"మీ మోకాళ్ళు అత్తా..."

"మోకాళ్ళు నావి, నీకెందుకు?"

మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కారు. నేను లోలోపల తిట్టుకుంటూ వెనకే ఎక్కాను. పైన గాలి చెవుల్లో హోరుమంటోంది. ఒకపక్క అంతా సముద్రం, ఇంకోపక్క సరుగుడు తోపులు. ఆవిడ ఊపిరి తీసుకుని, నావైపు తిరక్కుండానే అన్నారు:

"వాడు చిన్నప్పట్నించీ పిరికోడు. ఆ తాళ్ళ కథ ఎత్తుకోకుండా ఉండాల్సింది నువ్వు."

నేను గబుక్కున కమ్మీ పట్టుకున్నాను.

"ఎనిమిది నెలలుగా నేను దగ్గేది చూస్తానే ఉండావు కదా. ఎవుర్ని ఎంత బెదిరించాల్నో అంతే బెదిరించాల. ఆ మాత్రం నేర్చుకోలేదా?"

అని, మెట్ల సందులోకి వంగి గొంతెత్తారు. "రేయ్ అబ్బయా! ఈ పిల్లకి కళ్ళు తిరగతా ఉండాయి. తొందరగా రా!" తర్వాత నాతో, "కూలబడు మరి, చూస్తా ఉండావేంది?" అని దిగడం మొదలుపెట్టారు.

కాసేపటికి ఆయన వచ్చారు. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ.

"ఏడుండావు?"

"ఈడే."

చెయ్యి అందగానే నలిగిపోయేంత గట్టిగా పట్టుకున్నారు. సముద్రం చూడండన్నాను. చూడనన్నారు. నేనూ బలవంతపెట్టలేదు. కళ్ళు మూసుకున్న మనిషిని ఎంతసేపు చూసినా సిగ్గుపడే పని లేదు కదా. అంత ఎండ వెలుతురులో, అంత దగ్గరగా, ఆయన ముఖాన్ని తనివితీరా చూసుకున్నాను.