బావ చెవులకు నేనిచ్చిన పరీక్ష

ఒక్క బటన్ సరిగ్గా నొక్కలేక ఇంటిల్లిపాదికీ దిగులు తెచ్చిపెట్టిన ఘనుడి కథ చెబుతాను. ఆ ఘనుడు నేనే. మీరు ధైర్యంగా నవ్వండి. ఎంత నవ్వినా నాకు వినబడేది సగమే.

టెక్కలి దగ్గర ఒక గ్రానైటు యూనిట్లో మా అక్క మొగుడు తవిటయ్య బావ రాయి కోసే మిషను నడిపేవాడు. ఆ పక్కనే పలకలు ట్రాలీకి ఎక్కించే పని నాది. ఓ రోజు నోటీసు అంటించారు: కోత మిషన్ల వాళ్లందరికీ చెవుల పరీక్ష, వ్యాను వస్తుంది. వినబడనివాళ్లను ఇంటికి పంపేస్తారని మధ్యాహ్నానికల్లా పుకారు పుట్టింది. బావ క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

“ఏటి బావా, తినవా?”

“తిట్టానా? నిన్నెందుకు తిడతానురా?”

అంతే, నాలో త్యాగమూర్తి నిద్రలేచాడు. బావ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. “నీ పేరుతో నేనెల్తాను! లిస్టులో నా పేరు నేదు గదా. నాకు సీమ నడిసినా ఇనిపిత్తాది.”

“దొరికిపోతేనో?”

“వ్యానోళ్లకి నీ మొకం ఏటి తెలుసు?”

బావ పేరు కుట్టిన చొక్కా తొడుక్కుని వ్యాను మెట్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి లోపల్నుంచి ఒకమ్మాయి దిగివచ్చి భుజం తట్టింది.

“తవిటయ్యగారూ, మూడుసార్లు పిలిచానండి.”

అలవాటు లేని పేరు కదా, అందుకే పలకలేదనుకుని మురిసిపోయాను. ఆవిడ నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చింది.

“సన్నగా కూత వినబడగానే నొక్కాలి.”

మొదట రెండుమూడు కూతలు కుయ్యిమన్నాయి. నొక్కాను. తర్వాత ఏమీ లేదు. మిషను మొరాయించిందేమో, ఎత్తిచూపితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని మర్యాదగా నవ్వుతూ కూర్చున్నాను. ఫ్యాను చూశాను. గోళ్లు చూసుకున్నాను. చివరికి ఉండబట్టలేక అన్నాను.

“ఇంక మొదలెట్టండి మేడమ్.”

“అయిపోయిందండి.”

మిషన్ల రొదకు లోపలి నరాలు దెబ్బతిన్నాయనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ నెమ్మదిగా చెప్పింది. నా నవ్వు మొహంమీదే బిగుసుకుపోయింది.

బయట బావ ఎదురొచ్చాడు. “పాసేనా?”

“ఫెయిలు.”

“ఎవులు?”

“నువ్వే” అన్నాను.

తీరా చూస్తే ఎవరినీ ఇంటికి పంపలేదు. బావను రొద లేని ప్యాకింగ్ షెడ్డుకు మార్చారు. ఖాళీ అయిన కోత మిషను దగ్గరకు ఎవరిని తోశారంటారా? చెవులు భేషుగ్గా ఉన్నవాడని నన్ను!

నోరు విప్పితే ఇద్దరి పనీ పోతుందన్న భయంతో రెండు నెలలు ఆ రొదలోనే నిలబడ్డాను. ఓ సాయంత్రం ఇంట్లో అక్క కూతురు వచ్చి నా చెవిలో ఏదో గుసగుసలాడింది. ఒక్క ముక్కా అందలేదు. ముద్దుగా “అవునమ్మా” అన్నాను. పిల్ల ఏడుస్తూ అక్క దగ్గరకు పరుగెత్తింది.

“ఏటన్నాదే అక్కా?”

అక్క నా మొహంలోకి చూసి గట్టిగా చెప్పింది. “ఎన్నిసార్లు పిలిసినా పలకవు, నేనంటే నీకిట్టం నేదా మావా అనడిగిందిరా.”

మర్నాడే మేనేజరు ముందు నిలబడి నిజం కక్కేశాను. తిట్లు పూర్తిగా వినబడకపోవడం ఒక్కటే ఆ రోజు నాకు దక్కిన సుఖం. వ్యాను మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టారు. బావ చెవులు నావాటికంటే అధ్వాన్నం. నన్నూ ప్యాకింగులోకే మార్చారు. పిల్ల ఇప్పుడు నాకేం చెప్పాలన్నా ఎదురుగా నిలబడి అరిచే చెబుతుంది. గుసగుసలు మాత్రం మానేసింది.

అందుకని రెండు చెవులూ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఇంకొకడి పేరుతో పరీక్షకు కూర్చోను. ఫెయిలైతే నా సొంత పేరుతోనే ఫెయిలవుతాను.