భీమన్న దంతాలు

బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు టింబర్ మిస్త్రీగా చేసిన బాపయ్యకు కట్టెను తట్టి చూసే అలవాటు రిటైరైనా పోలేదు. కప్పు కూలకుండా నిలబెట్టే దుంగను వేళ్ల కణుపులతో తట్టి, పలికిన తీరును బట్టి అది బరువు మోస్తుందో లేదో చెప్పేవాడు. ఇప్పుడు రైలు పెట్టె తలుపునూ ఆస్పత్రి బెంచీనీ కూడా తడతాడు.

వారానికి మూడు రోజులు మహారాష్ట్రలోని మాజ్రి నుంచి బిడ్డ గిరిజను చంద్రపూర్ తీసుకుపోతాడు. నాలుగు గంటలు మిషను ఆమె రక్తాన్ని కడుగుతుంటే బయట కూర్చుంటాడు. అల్లుడు పోయి ఐదేళ్లయింది. గని వైద్యం కార్డు బాపయ్యకూ భార్య ఐలమ్మకూ మాత్రమే, పెళ్లి చేసి పంపిన బిడ్డకు వర్తించదు. తల్లి కిడ్నీ బిడ్డకు సరిపోయింది. నాగపూర్‌లో ఆపరేషనుకు సర్కారు సాయం పోను ఇంకా ఆరు లక్షలు కావాలి.

ఇంట్లో అంత విలువైనది ఒక్కటే ఉంది. దేవుని అర్రలో, పసుపు బట్ట మీద, భీమన్న.

భీమన్న ఏనుగు. బాపయ్య తాత సిరొంచ అడవుల్లో టేకు దుంగలు లాగించే కంట్రాక్టరు దగ్గర మావటి. ముసలితనంలో ఆ ఏనుగు వాగు ఒడ్డున పడి చచ్చిపోతే తాత మూడు రోజులు అన్నం ముట్టలేదట. అది చూసి కంట్రాక్టరు రెండు దంతాలూ ఆయన చేతికిచ్చాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో చవితికి వేరే గణపతి రాలేదు. పుట్టిన బిడ్డ చేతిని ఐదోనాడు దంతానికి తాకిస్తారు. ఇంట్లో మనిషి పోతే దంతాలకు తెల్లబట్ట చుట్టి, పదకొండు రోజులయ్యాక కడిగి తీస్తారు. గిరిజ చేతినీ అట్లాగే తాకించారు.

ఎట్లా అమ్మాలో తెలియక బాపయ్య ముందు భద్రావతిలో పాత ఇత్తడి, పాత తలుపులు కొనే మనిషిని అడిగాడు. రెండు రోజులకు ఎవరో ఫోన్ చేశారు.

"పన్నెండు లక్షలిస్త. వచ్చి తీస్కపోత."

"రసీదు రాసిస్తవా, బాబూ?"

అవతల నవ్వు వినిపించి ఫోన్ కట్టయింది.

రసీదు లేని పైసలతో బిడ్డ కడుపు కోయించడం బాపయ్యకు నచ్చలేదు. మర్నాడు గిరిజను మిషను మీద పడుకోబెట్టి, ఐలమ్మ పాత చీరలో చుట్టిన మూట చంకన పెట్టుకుని గోల్‌బజార్‌లో వెండి దుకాణం నడిపే బాలకిషన్ దగ్గరికి పోయాడు. తరాజు ముందు మూట పెట్టి విప్పాడు.

బాలకిషన్ లేచి షట్టరు సగానికి దించాడు. తర్వాత చీర కొంగు మళ్లీ వాటి మీద కప్పాడు.

"కాకా, వీటిని నేను కాటాకు పెట్ట."

"ధర ఎంతో చెప్పు చాలు."

"దీనికి ధర లేదు కాకా. కొనుడు నేరం, అమ్ముడు నేరం. సర్టిఫికెట్ ఉన్నోళ్లు ఇంట్ల పెట్టుకోవచ్చు, పిల్లలకు ఇడవచ్చు, గంతే. నీకు కాయితం ఉన్నదా?"

బాపయ్య జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. బాలకిషన్ అద్దాలు పెట్టుకుని మరాఠీ చదివాడు.

"గిది దుప్పికొమ్ములది గదా!"

"ఔ. రెండువేల మూడుల ఫారెస్టోళ్లు దండోరా ఏసిండ్రు, ఇండ్లల్ల కొమ్ములు, తోళ్లు, దంతాలు ఉంటే ఆర్నెల్లల్ల రాయించుకోమని. అరుగు మీది దుప్పికొమ్ములు రాయించినం. వీటిని రాయిద్దామంటే మా బాపు కొట్టొచ్చిండు. 'దేవున్ని సామాన్ల లిస్టుల ఎక్కిస్తవురా?' అన్నడు. ఆయన మాట మీద ఊకున్నం."

బాలకిషన్ తల పట్టుకున్నాడు. "కొమ్ములు రాయించి దంతాలు దాసినవని ఈ కాయితమే నీ మీద సాక్ష్యం చెప్తది. ఫోన్ చేసినోడు దొంగన్న అయితడు, లేకుంటే కొనేటోని ఏషంల ఫారెస్టోడన్న అయితడు. ఎవలైనా నిన్ను ముంచుతడు. నా మాటిని వార్ధా నదిల కలిపెయ్యి."

"నిమజ్జనం పొద్దటిపూట, నలుగురిల చేస్తం. దొంగతనంగ ఎట్ల చేస్తం?"

బాలకిషన్ కాగితం మడిచి బాపయ్య జేబులో పెట్టాడు. చాయ్ తెప్పించి, మూటకు ఇంకో గోనె చుట్టి, తన బండి మీదే ఆస్పత్రి గేటు దాకా దింపి వెళ్లాడు. పట్టుబడితే తనూ లోపలికి పోవలసినవాడే.

గిరిజ మిషను మీద కళ్లు మూసుకుని ఉంది. బాపయ్య చెప్పిందంతా విన్నాక అడిగింది.

"ఆ ఫోనాయన మల్ల చేసిండా?"

"పొద్దున చేసిండు. రేపొస్తడట."

"ఇయ్యకు బాపూ."

"పన్నెండు లక్షలు బిడ్డా. ఆపరేషనయితది. నేనేమైతేంది?"

"నిన్ను లోపటేస్తే ఆ పైసలు మన చేతుల ఉండనిస్తరా? ఎల్లుండి నన్ను రైలు ఎవలెక్కిస్తరు? అమ్మకు ప్లాట్‌ఫారం మెట్లే ఎక్కొస్తలేదు." ఆపైన నవ్వింది. "నువ్వైతే ఆడ బువ్వ తిని, గోడలు తట్టుకుంట కూసుంటవు."

బాపయ్య చాలాసేపు మంచం ఇనుపపట్టీని తడుతూ నిలబడ్డాడు. ఇస్తే మిషను దాకా తెచ్చే మనిషి పోతాడు. ఇయ్యకపోతే ఆపరేషన్ అన్న ఆశ పోతుంది. బిడ్డ రెండోదాన్నే ఎంచుకుంది.

రేపు ఆ ఫోన్ మనిషి వచ్చేలోపు దంతాలు తామే అప్పగిస్తే జైలు తప్పవచ్చని, సాయంత్రం లోపలే ఇద్దరూ అడవి ఆఫీసుకు పోయారు. రేంజరు మంచివాడే గానీ చట్టం ముందు ఆయన చేతులూ కట్టేసే ఉన్నాయి. "కేసు రాయక తప్పదు తాతా. తనంత తాను తెచ్చిండని మొదటి వరుసలోనే రాయిస్త," అన్నాడు. గిరిజకు తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు.

దంతాలు తూకం వేయడానికి వచ్చిన గార్డు పేరు అనూష, సిరొంచ పిల్ల. మూట విప్పగానే పసుపూ కుంకుమా చూసి, బూట్లు గోడ పక్కన విడిచి వచ్చి, రెండు చేతులతో ఎత్తింది. పంచనామాలో పొడవు రాశారు, బరువు రాశారు. విలువ అన్న గడి దగ్గర గుమాస్తా ఒక అడ్డగీత గీశాడు.

బాపయ్య ఆ గీతను చూస్తూ, "పేరు రాస్తరా సారూ? భీమన్న," అన్నాడు.

ఆ కాగితంలో పేరుకు చోటు లేదు. అనూష దంతాలకు కట్టిన చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో రాసింది.

తర్వాత ఏడు నెలలు, బెయిలు మీద బయటున్న బాపయ్య మిషనుకు ఒక్క వారం కూడా తప్పలేదు. కోర్టు వాయిదా, మిషను ఒకే రోజు పడితే వకీలు తారీఖు మార్పించేవాడు. బాలకిషన్ బజారంతా తిరిగి చందా పోగుచేశాడు. అది మందులకే సరిపోయింది. చలికాలం మొదట్లో ఒక తెల్లవారుజామున, రైలుకు తయారవుతూ చెప్పుల్లో కాలు పెట్టబోయి గిరిజ గడప మీదే కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

మూడోనాడు బాపయ్య తెల్లబట్ట తీసుకుని ఆఫీసుకు వచ్చాడు.

"ఇంట్ల మనిషి పోయింది తల్లీ. భీమన్నకు కప్పాలె."

అనూష కుర్చీలోంచి లేచింది. దంతాలు సీలు వేసిన గదిలో ఉన్నాయి. కోర్టు చెప్పేదాకా ఆ తాళం ఎవరూ తీయకూడదు. ఆ మాట చెప్పి, ఆయన చేయి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయింది. లక్క ముద్ర చెదరకుండా ఇద్దరూ కలిసి ఆ బట్టను గొళ్లెం చుట్టూ కట్టారు. బాపయ్య ఆ తలుపును వేళ్లతో ఒకసారి తట్టి, చెవి ఆనించి విన్నాడు.

పదకొండు రోజులు ఆ ఆఫీసులో ఎవరూ దాన్ని విప్పమనలేదు. పన్నెండోనాడు బాపయ్య చెంబుతో నీళ్లు తెచ్చి గడప కడిగి, బట్ట తీసి మడిచాడు. ఆ రోజే వాయిదా. అటు నుంచి అటే కోర్టుకు నడిచిపోయాడు.