ఎండలో పెట్టిన తలగడ

మా అక్క పోయిన తర్వాత వచ్చిన మొదటి ఉగాది అది. నేను పాలకొల్లులో ఒక హైస్కూల్లో గుమాస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. రెండు గదుల పెంకుటింట్లో ఇద్దరం ఇన్నేళ్ళూ ఉన్నాం. కార్తీకమాసంలో తను వెళ్ళిపోయింది. కర్మ నేనే చేశాను కనక ఏడాదిపాటు మాకు పండగ లేదు. మాకు అంటున్నాను గాని, ఉన్నది నేనొక్కణ్ణే.

పండగ లేనప్పుడు ఇల్లు దులపాల్సిన పనీ లేదు. కానీ ఫాల్గుణం చివరికొచ్చేసరికి వీధిలో అందరి పరుపులూ అరుగుల మీదికి వచ్చేశాయి. ఏ పెరట్లో చూసినా చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోముతున్నారు. మా వాసాలకి మాత్రం బూజు వేలాడుతోంది. అక్క ఉండగా ఇల్లు దులిపే రోజు నాకు ఇంట్లో చోటుండేది కాదు. తలకి పాత చీరముక్క చుట్టుకుని, వెదురుగడకి చీపురు కట్టుకుని, "ఒరేయ్, కాళ్ళకడ్డం పడకుండా ఎటన్నా పోరా. సాయంత్రం దాకా రాకు" అని తరిమేసేది. కాలవగట్టు మీద తిరిగి తిరిగి వచ్చేసరికి ఇల్లంతా తడి గచ్చు వాసన. కాళ్ళ కింద చల్లగా, కొత్తింట్లో అడుగుపెట్టినట్టుండేది. ఆ సుఖం అనుభవించానే గాని, అదెలా తయారవుతుందో ఒక్కసారీ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు గచ్చు కడిగి, తర్వాత బూజు దులిపాను. ఆ బూజంతా తడి గచ్చు మీద పడి బురదైపోయింది. నాకే నవ్వొచ్చింది. చెప్పుకోడానికి ఎవరూ లేక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కడిగాను. డబ్బాలు, కుర్చీలు, పరుపులు, అన్నీ వాకిట్లోకి చేరేశాను. చివరికి అక్క పడుకునే టేకు మంచం కూడా గడప మీదుగా ఈడ్చి బయటేశాను. ఆమె తలగడ తీసి అరుగు మీద ఎండలో పెట్టాను.

ఎండ వాలాక ఆ తలగడ దులపబోయి, ఎందుకో ముఖానికి ఆనించుకున్నాను. కొబ్బరినూనెలో మెంతులు వేసి కాచి తలకి రాసుకునేది అక్క. ఆ వాసన తలగడలో అలాగే ఉండేది. అందుకే ఇన్ని నెలలూ గలేబు కూడా మార్చలేదు. ఇప్పుడు ఎండ వాసన తప్ప ఇంకేమీ లేదు. నా చేతులతో నేనే తీసుకెళ్ళి ఎండలో పెట్టాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని సామాను మధ్య అలాగే కూర్చుండిపోయాను.

ఎదురింటి టీచరుగారు చర్చి నుంచి వస్తూ ఆగారు.

"ఏంటండీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

"లేదండీ, దులుపుకుంటున్నాను."

"ఈ ఏడు మీకు పండగ లేదు కదండీ?"

"లేదండీ."

ఆవిడ బైబిలు, హ్యాండుబ్యాగు అరుగు మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకున్నారు. "మాకూ ఈస్టరొస్తోంది. నేనింకా చెయ్యే పెట్టలేదు. ఆ మంచం ఒక్కరే మొయ్యలేరు గాని, మీరటు పట్టుకోండి."

గడప దగ్గర మంచం అడ్డం పడింది. "కాస్త వాల్చండి. ఆ, ఇప్పుడు తొయ్యండి" అంటూ ఆవిడే లోపలికి లాగారు. ఎక్కడ వెయ్యమంటారని అడిగితే గది నాలుగు మూలలూ చూశాను. ఆఖరికి పాతచోటే చూపించాను. ఆవిడ తలగడ వైపు చూసి, "అక్కగారిదా?" అన్నారు.

"వాసన పోయిందండీ."

ఆవిడ, "మా అమ్మ చీరలు నేనూ అలాగే ఉతికేశానండీ. ఆరేశాక ఏడ్చాను" అన్నారు. మిగతా సామాను కూడా లోపల పెట్టించి వెళ్ళిపోయారు.

ఉగాది రోజు ఇంటికి ఎవరూ రాలేదు. చావు జరిగిన ఏడాది పండగపూట ఎవరూ రారు కూడా. గుమ్మానికి తోరణం కట్టలేదు, పచ్చడి చెయ్యలేదు. పొద్దున అన్నం వండుకుని, పెరుగేసుకుని తిని, ఆ నున్నటి గచ్చు మీద చాప లేకుండా పడుకున్నాను. వీపుకి చల్లగా తగిలింది. పైన వాసాలు శుభ్రంగా ఉన్నాయి. ఇల్లు బాగుందని పైకే అనుకున్నాను.