ఎద్దు కడుపులో వేపగింజ

1978 జులై 6, గురువారం. ఎమ్మిగనూరు, మా బడి ఆవరణ. ఉన్నవాళ్ళు: పెద్దయ్యవారు, అంటే మా హెడ్మాస్టరు, ఆయన పిలిపించిన బోర్డులు రాసే పెయింటరు, నా ఐదో తరగతి పిల్లలు, ఆదోని బస్సు దిగి, నర్సరీ మొక్కల బుట్టతో అప్పుడే గేటు దాటి వచ్చిన నేను.

డైరీలో ఆ రోజు ఇంతవరకు రాసి, కింద "అన్యాయం" అని ఒక్క మాటే రాశాను. ఇన్నేళ్ళ తర్వాత చదివినా ఆ మాట ఎక్కువేమీ అనిపించలేదు.

ముందు రోజు మన్నెద్దుల అమావాస్య. మా వైపు ఆ పండగ పిల్లలదే. వంక గట్టు నుంచి మట్టి తెచ్చి ఎద్దుల జత చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు వాటికి పూజ చేసి నైవేద్యం పెడతారు. మరుసటి రోజు పిల్లలే తీసుకుపోయి బావిలోనో వంకలోనో వదిలివస్తారు. నీళ్ళలో కరగాలి తప్ప వాటిని పగలగొట్టకూడదు.

మా బడిలో చెట్టు లేదు. పది దాటితే నీడంటే గోడ మొదట్లో మూరెడు. ఆ మూరెడులో కాళ్ళు ముడుచుకుని వరసగా కూర్చుని పిల్లలు సద్ది తినేవాళ్ళు. ఏటా వనమహోత్సవానికి మొక్కలు వచ్చేవి. నాటేవాళ్ళం. మేకలు వచ్చి తినేవి. పిల్లలు అదిలించేవాళ్ళు కూడా కాదు. ఎందుకు అదిలిస్తారు? అవి వాళ్ళ మొక్కలు కావు, ఆఫీసు పంపిన మొక్కలు. చెట్టును ప్రేమించండని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాయించినా ఇదే జరిగేది.

అందుకని ఆ ఏడు ఒక పని చెప్పాను. ఎద్దును చేసేటప్పుడే దాని కడుపులో ఒక పచ్చి వేపగింజ పెట్టండి, పూజ అయినాక బావిలో వేయకుండా బడికి తెండి, గోడ వెంట కాలువ తవ్వి అందులో నిలబెడదాం, వానకు ఎద్దు కరిగితే గింజ మొలుస్తుంది అని. ఒక పిల్లవాడి అవ్వ బడికే వచ్చి నిలదీసింది. నీళ్ళలో ఇడవకుంటే ఎట్లప్పా అని అడిగింది. వాన కూడా నీళ్ళే కదమ్మా అన్నాను. ఆమె "వాన నీళ్ళయితే ఇంకా మేలే" అని వెళ్ళిపోయింది.

ఆ ఎద్దులు ఒకదాని పోలిక ఒకదానికి లేదు. రేగడి మట్టివి నల్లగా, చెలక మట్టివి ఎర్రగా ఉన్నాయి. కళ్ళకు జొన్న గింజలు గుచ్చినవాళ్ళున్నారు. మగ్గాల ఇళ్ళ పిల్లలు రంగు దారాలతో పగ్గాలు వేశారు. ఒకదాని మూపురం తలకన్నా పెద్దది. ఆదోని నుంచి వచ్చి స్థిరపడిన దూదేకులవాళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ ఇంట్లో ఈ పండగ లేకపోయినా తనూ ఒక ఎద్దును చేసింది. నూలుతో చిన్న చిక్కం అల్లి దాని మూతికి కట్టింది. ఎందుకమ్మా అని అడిగితే, మొలక వచ్చినాక అదే తినేస్తే ఎట్ల సార్ అంది. మేకలను చూసి ఊరుకున్న పిల్లలే ఇప్పుడు మట్టి ఎద్దు మీద కూడా కాపలా పెడుతున్నారు. నాకు కావలసింది అదే.

గురువారం పొద్దున పిల్లలు ఎద్దులను కాలువలో నిలబెట్టారు. నన్ను పెద్దయ్యవారు మొక్కల కోసం ఆదోనికి పంపారు. నేను వెళ్ళాక, సాయంత్రం వనమహోత్సవానికి ఆఫీసరు వస్తున్నారని కబురు వచ్చిందట. నేను తిరిగి వచ్చేసరికి ఎద్దులు కాలువలో లేవు. జెండా కట్ట ముందు బండలు పరిచి, వాటి మీద అన్నింటినీ బారుగా నిలబెట్టారు. అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. కొమ్ములకు బంగారు రంగు. ఆయిల్ పెయింటు వాసన గేటు దాకా వస్తోంది. నలుపు, ఎరుపు, జొన్న కళ్ళు ఏవీ లేవు. పగ్గాలు, చిక్కం కత్తిరించి ఓ మూల పోగేశారు.

పిల్లలు దూరంగా నిలబడి ఉన్నారు. పెద్దయ్యవారు మాత్రం సంతోషంగా ఎదురొచ్చారు.

"ఎట్లుండాయప్పా? పెండ్లికొడుకుల మాదిరి ఉండాయి కదా. ఎండిన మట్టిముద్దలు సూపిస్తే ఆఫీసరు నగిపోతాడు."

ఆయిల్ పెయింటు వేస్తే లోపలికి చుక్క నీరు దిగదని, ఆ గింజలు అక్కడే కుళ్ళిపోతాయని చెప్పాను. ఆయన నవ్వు ఆగింది. లోపల గింజ ఉన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. వారం రోజులుగా చెబుతూనే ఉన్నాను. రెండో గది కప్పు కారుతోందనీ, ఆఫీసరు మెచ్చుకుంటే శాంక్షన్ అవుతుందనీ, యాపగింజలు ఊరంతా దొరుకుతాయనీ ఆయన అన్నారు. కప్పు కారే మాట నిజమే. కానీ పిల్లల చేతిపనిని పిల్లలను అడగకుండా తీసుకునే హక్కు కారే కప్పు ఎవరికిచ్చింది? ఆ మాటే అన్నాను. గొంతు పెరిగింది. పెయింటరు బ్రష్షు తుడుచుకుంటూ తల వంచుకున్నాడు. పాపం, అతను చెప్పిన పని చేసినవాడు.

అప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. చేతిలో కత్తిరించిన చిక్కం ఉంది.

"సార్, ఇప్పుడు వానొస్తే లోపలుండే గింజకు ఎట్ల తెలుస్తాది?"

పెద్దయ్యవారు గడియారం చూసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు.

ఆఫీసరు వచ్చారు. నేను తెచ్చిన మొక్కల్లో ఒకటి నాటి, ఎవరో అందించిన చెంబుతో నీళ్ళు పోసి, చేయి కడుక్కున్నారు. పిల్లలు ప్రకృతిని కన్నతల్లిలా చూసుకోవాలని చాలాసేపు మాట్లాడారు. ఆయన తనకోసం వేసిన టెంటు నీడలో ఉన్నారు, పిల్లలు ఎండలో. ఎద్దులను చూసి చాలా బాగున్నాయే, ఎవరు చేశారని అడిగితే పెద్దయ్యవారు పెయింటరును ముందుకు పిలిచారు. ఆఫీసరు అతని భుజం తట్టారు. ఒక్క పిల్లను కూడా ఒక్క మాట అడగలేదు. మనం పిల్లలకు నేర్పేది ఇదీ! వాళ్ళ చేత మట్టి పిసికించి, ఆ మట్టి కనిపిస్తే సిగ్గుపడి, పైన రంగు పూసి, దాని పక్కన నిలబడి మట్టిని ప్రేమించమని చెబుతాం. తర్వాత ఎన్నో బళ్ళలో పనిచేశాను. అతిథి వస్తున్నాడంటే పిల్లలు గీసిన వంకర చెట్టును చెరిపి తిన్నని చెట్టు గీసిన పంతుళ్ళను ప్రతిచోటా చూశాను. ఆ చెట్టు వంకరగా ఉన్నది పిల్ల దాన్ని కళ్ళారా చూసి గీసింది కాబట్టే.

ఆ రాత్రి మంచి వాన పడింది.

తెల్లవారి నేను మామూలు కన్నా ముందే బడికి వెళ్ళాను. కడిగినట్టున్న రంగుతో తళతళలాడుతూ, ఒక్కటీ కరగకుండా, ఎద్దులు బండల మీద అట్లే నిలబడి ఉంటాయనుకున్నాను. బండలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు అప్పటికే వచ్చి ఉన్నారు. గోడ వెంట కాలువలో ఎద్దులన్నీ వెల్లకిలా, కాళ్ళు ఆకాశంలోకి పెట్టి పడుకుని ఉన్నాయి. పెయింటరు నిలబెట్టినవాటికి నిలబెట్టినట్టే రంగు వేశాడు. పొట్ట కింద బ్రష్షు పోలేదు. తన ఎద్దును ఎత్తి చూసినప్పుడు దూదేకులవాళ్ళ అమ్మాయికి అది కనిపించిందట. పూజ చేసినవాటిని పగలగొట్టకూడదు కాబట్టి తిప్పి పడుకోబెట్టారు. గుంటల్లో నిలిచిన వాన నీళ్ళు చెంబులతో తెచ్చి పొట్టల మీద పోస్తున్నారు.

పెద్దయ్యవారు గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏందిరా ఇది? సచ్చిన గొడ్ల మాదిరి పండబెట్టినారు. లేపండి."

ఎవరూ కదలలేదు. ఆ అమ్మాయి మాత్రం చెంబు దించకుండానే చెప్పింది.

"సావలేదు సార్. నీళ్ళు తాగుతాండాయి."

ఆయన నా వైపు చూశారు. నేను లేపమని చెబుతానని ఎదురుచూసినట్టున్నారు. నేను వంగి దగ్గరున్న ఎద్దు పొట్ట మీద వేలు పెట్టాను. మట్టి మెత్తబడి ఉంది. వేలు గింజ దాకా దిగింది, గింజ తడిగా తగిలింది. వేలు తీసి, ఆ గుంటను మట్టితో పూడ్చి, ఇంకో చెంబు ఇటు ఇమ్మని అడిగాను.