మస్తాన్‌బీ గారి షాపులో అట్టబొమ్మలు

పాత నవల ఏది తెరిచినా నాకు తుమ్ములు వస్తాయి. దుమ్ముకు కాదు, మిరపకాయకు. ఈ ఉదయం గుంటూరులో నేను బొమ్మలు వేసుకునే గదిలో మస్తాన్‌బీ గారి షాపు నుంచి వచ్చిన ఒక పుస్తకాల పెట్టె విప్పి, పైనున్న డిటెక్టివ్ నవల చేతిలోకి తీసుకున్నానో లేదో, పేజీల మధ్య నుంచి ఎండిన మిరప తొక్కా, గింజలూ ఒళ్ళో రాలాయి. ఆ తర్వాత కాసేపు ఏ పనీ సాగలేదు. పుస్తకాలకు పురుగు పట్టకుండా లోకమంతా వేపాకు పెడుతుంది. మస్తాన్‌బీ గారు ఎండుమిరపకాయ పెట్టేవారు. "వేపాకుకి మన పురుగులు బెదరవమ్మా, కారం తిని పెరిగినయ్యి" అనేవారు. అలాగైతే మిరపకాయకు అసలే బెదరకూడదు కదా అని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఆవిడ దగ్గర పుస్తకం అద్దెకు తీసుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ చదివేవారు, హాస్య నవల అయినా సరే.

నా కాన్వాసులు మనిషెత్తున ఉంటాయి. అన్నీ పాతకాలపు పాకెట్ నవలల అట్టల తీరులోనే ఉంటాయి. గోడ మీద పొడుగాటి నీడ, ఓరగా తెరిచిన తలుపు, వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి, పైన పసుపురంగులో లావుపాటి అక్షరాలు. "ఈ పిచ్చి మీకెక్కడ పట్టిందండీ?" అని చూసినవాళ్ళు అడుగుతుంటారు. చిలకలూరిపేటలో పట్టింది. పట్టించినావిడ ఇప్పుడు లేరు. ఆవిడ లేకపోతే నేను పెయింటర్‌ని అయ్యేదాన్ని కాదు. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు. నిజంగానే నాన్న చూసిన సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరిపోయి ఉండేదాన్ని.

ఆవిడ అద్దె లైబ్రరీ పత్తి జిన్నింగ్ మిల్లు పక్క సందులో ఉండేది. మూడు గోడలకూ అరలు, ముందు ఒక చెక్కబల్ల, దాని వెనక స్టూలు మీద ఆవిడ. అది భర్త పెట్టిన షాపు. ఆయన పోయాక మరిది వచ్చి, "వదినా, ఆడమనిషివి బజార్లో కూర్చుంటే ఏం బాగుంటది? మూసేద్దాం" అన్నాడట. అప్పటిదాకా లోపలి గోడ పక్కనున్న స్టూలును ఆవిడ ఆ రోజే బజారు వైపుకు లాక్కున్నారట. "బాగుందో బాగోలేదో అందర్నీ చూసి చెప్పమను" అన్నారట. నాకు తెలిసేనాటికి ఆవిడకు యాభై దాటాయి. తల మీద కొంగు, వేళ్ళకు ఎప్పుడూ ఎండిన జిగురు, సందు చివరిదాకా వినపడే గొంతు.

నేనా షాపు మెట్లెక్కేనాటికి ఫైన్ ఆర్ట్స్ చదువు ముగించుకుని వచ్చి, బ్రష్షులు గుడ్డలో చుట్టి అటక మీద పడేసి ఉన్నాను. చివరి పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నా బొమ్మ ముందు నిలబడి, "ఇది పెయింటింగ్ కాదమ్మా, నవల అట్ట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పాసయ్యాను గానీ ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇంటికొస్తే నాన్న, మిరపా పత్తీ పండించే మనిషి, బొమ్మలు కూడు పెట్టవని తేల్చేశాడు. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగానికి బంధువు చేత మాట వేయించాడు. వాళ్ళు పిలిచేదాకా నాకు పని లేదు. పిలిస్తే ఇక బొమ్మలు లేవు. అలాంటి రోజుల్లో అమ్మకు నవల తేవడానికి వెళ్ళాను.

మస్తాన్‌బీ గారు చిరిగిన పుస్తకాలకు మైదా జిగురుతో కొత్త అట్టలు అంటిస్తున్నారు. అన్నీ ఖాకీ రంగు అట్టలే. నన్ను చూసి తలెత్తకుండానే అడిగారు.

"కోటేశ్వరివి నువ్వేనా? బొమ్మల చదువు చదివావంటగా, మీ అమ్మ చెప్పింది."

"చదివానండీ. ఇప్పుడు మానేశాను."

"అయితే చేతులు ఖాళీయేగా. ఇట్టా వచ్చి కూర్చో."

ఒక ఖాకీ పుస్తకం నా ముందు పెట్టారు. "దీని అట్ట ఊడిన కాడ్నించి ఒక్కరు ముట్టుకోలా. లోపల కథ అదే, అక్షరం మారలా. మొహం కనపడందే ఎవరన్నా పలకరిస్తారా? దీనికో మొహం పెట్టు" అన్నారు. కుదరదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు పుస్తకం నా సంచిలో పడిపోయింది. "ముందు మొత్తం చదువు. చదవకుండా ఏస్తే నాకు తెలిసిపోద్ది" అని వెనకనుంచి కేకేశారు.

అటక మీది బ్రష్షులు దిగాయి. తెలిసి తెలిసి ఇంకో ఉచ్చులో కాలు పెడుతున్నానని నన్ను నేనే తిట్టుకుంటూ వేశాను. మిల్లు ఆడే కాలంలో ఆ సందంతా దూది నూగు ఎగిరేది. తడి రంగు మీద వాలేది. నేను గోటితో పీకబోతే, "పీకబాక, రంగు లేచిపోద్ది. ఆరినాక దులుపు" అనేవారు. ఆరాక దులిపినా అంతా పోయేది కాదు. నా తొలి అట్టల మీద హీరోయిన్లందరికీ చెంపల మీద సన్నని నూగు ఉండేది. అయినా వేసిన పుస్తకం వేసినట్టు అద్దెకు పోతుంటే, పైకి ఒప్పుకోలేదు గానీ, లోపల పొంగిపోయేదాన్ని.

ఆ పొంగు మీదే పెద్ద పొరపాటు చేశాను. అదొక హత్య నవల. హంతకుడిది ఎడమచేతి వాటం. ఆ సంగతి చివరి అధ్యాయంలో గానీ బయటపడదు. నేనెంత శ్రద్ధగా చదివానో మస్తాన్‌బీ గారికి తెలియాలని, అట్ట మీద ఎడమ చేత్తో కత్తి పట్టుకున్న మనిషిని వేశాను. బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయాను. ఆ షాపుకు రోజూ వచ్చే ఆర్టీసీ కండక్టర్ ఒకాయన దాన్ని తీసుకెళ్ళి, బస్సు బయలుదేరకముందే తిరిగొచ్చాడు. మనిషి మండిపోతున్నాడు.

"ఎవురమ్మా ఈ బొమ్మేసింది? అట్ట మీద చూస్తే ఎడం చేత్తో కత్తి. రెండో పేజీలో తమ్ముడు గారు ఎడం చేత్తో కాఫీ తాగుతున్నాడు. ఇంక నేనేం చదవాల?"

మస్తాన్‌బీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన వెళ్ళాక మాత్రం ఆవిడ నవ్వలేదు. "చదివావు, మంచిదే. చదివిందంతా అట్ట మీదే వడ్డించావు. అట్ట చూసినోళ్ళకి ఆకలెయ్యాలమ్మాయ్, కడుపు నిండగూడదు" అన్నారు. అదే అట్టను మళ్ళీ వేశాను. ఈసారి మనిషి లేడు. గోడ మీద ఒక చేతి నీడ, అంతే. అది కుడో ఎడమో నాకే తెలియదు. కాలేజీలో నాలుగేళ్ళు కూర్చున్నా ఎంత వెయ్యాలో నేర్పారు గానీ, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది, సోమవారం వచ్చి చేరమని. ఆ మాట చెప్పడానికి షాపుకి వెళ్ళినప్పుడే, అంతవరకూ ఎవరికీ చెప్పని ఆ పరీక్షనాటి మాట కూడా ఆవిడకు చెప్పేశాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడకు కోపం వచ్చింది, అదీ నా మీద.

"ఆయన నవల అట్టంటే నువ్వెందుకు ఏడ్చావు?"

"తిట్టారు కదా పిన్నీ."

"అట్టంటే తిట్టెట్టా అయ్యిద్దే? ఇన్నాళ్ళు నా షాపులో కూర్చుని నువ్వేసింది తిట్లా? ఆయనకి తెలవక అన్నాడు. నువ్వు తెలిసి కూడా తల దించుకున్నావు. రేపు అన్నాల వేళకి రా, నాతోపాటు ఒకచోటికి రావాలి" అన్నారు.

మర్నాడు ఆవిడ వెంట మిర్చి షెడ్డుకు వెళ్ళాను. అప్పటికి ఇంటింటా టీవీ సీరియళ్ళు వచ్చి షాపుకు మనుషులు తగ్గారు. మనుషులు రాకపోతే పుస్తకాలే వెళ్తాయని, ఆవిడ సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నం అన్నాల వేళకు అక్కడికి పోయేవారట. మూతికి గుడ్డలు కట్టుకుని మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు, వేళ్ళ మంట చల్లార్చుకుంటూ సద్ది విప్పేవారు. ఆవిడ ముందుగా అట్ట ఎత్తి అందరికీ చూపించేవారు. తర్వాత ఒక అధ్యాయం పైకి చదివి టక్కున ఆపేసేవారు. మిగతాది కావాలన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి చదువొచ్చిన పిల్లల చేత చదివించుకునేవారు. ఆ రోజు ఆవిడ ఎత్తి చూపించింది నేను వేసిన అట్ట. గుమ్మం దగ్గర ఒకామె, చేతిలో పెట్టె, ఒక కాలు బయట. నేను వేశానని ఆవిడ చెప్పలేదు.

"ఈ పిల్ల ఎల్లదు. చూడు, బరువంతా లోపలి కాలు మీదే ఏసింది" అంది ఒకామె.

"ఎందుకెల్లదూ? పెట్టె చేత బట్టింది గదా!" అంది పక్కనామె.

"పెట్టె పట్టినోళ్ళంతా ఎల్తారా? నేను పట్టలా?"

షెడ్డంతా గొల్లుమంది. ఇంకొకామె మాత్రం నవ్వలేదు. బొమ్మ దగ్గరికి వచ్చి, గుమ్మం బయట నేను వదిలేసిన చీకటిని చూస్తూ నిలబడింది. ఘాటుకు నా ముక్కూ కళ్ళూ మండిపోతున్నాయి. ఆ మంటలోనే ఏడ్చేశాను. కాలేజీలో నా బొమ్మ చూసి నవ్వారు, ఇక్కడా నవ్వారు. కానీ ఇక్కడ వాళ్ళు నా బొమ్మలోని ఆడమనిషి కోసం అన్నం పక్కన పెట్టి పోట్లాడుకుంటున్నారు. నాకు కావలసింది ఇదేనని అంత స్పష్టంగా మునుపెన్నడూ తెలియలేదు. బయటికి వచ్చాక, "సోమవారం నేను వెళ్ళను పిన్నీ" అని మస్తాన్‌బీ గారితో అన్నాను. "ఆ మాట నాకెందుకు, మీ నాన్నకి చెప్పు" అన్నారు.

చెప్పాను. నాన్న గొంతు వీధిలోకి వినపడింది. "అట్టలేసుకుని బతుకుతావా?" అన్నాడు. "ఏసుకునే బతుకుతా" అన్నాను. నా గొంతూ వీధిలోకి వినపడింది. చాలాకాలం ఆయన నాతో సూటిగా మాట్లాడలేదు, అన్నం తిందువు రమ్మని కూడా అమ్మ చేత చెప్పించేవాడు. నేను గుంటూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. సాయంత్రాలు బొమ్మలు వేశాను. తిరగబడి తెచ్చుకున్న బతుకు కాబట్టి, కష్టమనిపించినప్పుడు ఎవరితోనూ చెప్పుకోలేదు.

మొదటి పెద్ద కాన్వాసు పూర్తి కాగానే మస్తాన్‌బీ గారిని బస్సెక్కించి తీసుకొచ్చాను. ఆవిడ షాపులోని ఒక పాత అట్టనే గీతకు గీత, రంగుకు రంగు మనిషెత్తున వేశాను. చూడగానే మురిసిపోతారనుకున్నాను. ఆవిడ కొంచెంసేపు చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బానే ఉంది. పాతది నా దగ్గరుంది. మరి నీదేదమ్మాయ్?"

"అదేంటి పిన్నీ, ఎంత కష్టపడి వేశాను!"

"కష్టపడ్డావు. పెద్దది చేశావు. అట్ట మాత్రం ఇంకొకరిది."

ఒళ్ళు మండిపోయింది. ఆ వానాకాలమంతా చిలకలూరిపేట వైపు వెళ్ళలేదు. కానీ ఆ కాన్వాసును చూసినప్పుడల్లా ఆవిడే కరెక్టని తెలిసిపోయేది. పాత అట్టను ముద్దు చేస్తూ కూర్చున్నాను తప్ప, చూసినవాళ్ళకు ఆకలి వేయించే పని అందులో ఏమీ చేయలేదు. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టి కొత్తది మొదలుపెట్టాను. ఎవరూ రాయని నవలకు అట్ట. మూతికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి, వెనక కొండలా ఎర్రటి మిరపకాయలు, ఆమె ఎవరినో చూసింది. ఎవరినన్నది బొమ్మలో లేదు. అక్షరాలూ నీడలూ పాత పద్ధతిలోనే వచ్చాయి, మనిషి మాత్రం మా షెడ్డు మనిషి. అప్పటికి మస్తాన్‌బీ గారికి మోకాళ్ళ నొప్పులు, షాపున్న బిల్డింగు కూడా కూల్చేశారు. అయినా వచ్చారు. బొమ్మ ముందు కూర్చుని, ఆమె ఎవరిని చూసి ఉంటుందో తనలో తాను లెక్కలు వేసుకున్నారు. చివరికి, "ఇది నా దగ్గర లేదు" అన్నారు. అంతకు మించిన మెప్పు ఇప్పటిదాకా నాకు ఎవరి నుంచీ రాలేదు.

ఆవిడ పోయిన తర్వాతి ఎండాకాలం గుంటూరులో నా బొమ్మల ప్రదర్శన పెట్టాను. ఎండకు ఆగలేక కాబోలు, చేతిలో కూరగాయల సంచితో ఒకావిడ లోపలికి వచ్చింది. ఫ్యాను కింద కాసేపు నిలబడి, మెల్లగా ఆ మిర్చి బొమ్మ దగ్గరికి నడిచింది. ఎంతోసేపు చూసింది. సంచి కింద పెట్టింది. పైటకు చెయ్యి తుడుచుకుని, కాన్వాసు కుడి అంచు పట్టుకుని, లోపలి పేజీ చూడాలన్నట్టుగా తిప్పబోయింది. "అమ్మా, ముట్టుకోకూడదు!" అని కాపలా అతను అరిచాడు. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను పరుగున వెళ్ళాను.

"ఏమనుకోకండి, పుస్తకమనుకున్నానండీ" అంది సిగ్గుపడిపోతూ.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె ఏదో తప్పు చేశాననుకుని కంగారుగా సంచి అందుకుని వెళ్ళిపోయింది. ఆగమని చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ బాధే. ఇది చూడవలసిన మనిషి పక్కన లేరని అంతకన్నా బాధ. అంచు మీద ఆమె వేలి చెమ్మ మరక పడింది. తుడవనివ్వలేదు. మొన్ననే ఒక పెద్దమనిషి వచ్చి, నా బొమ్మలన్నీ చూసి, "బాగున్నాయి కానీ, నవల అట్టల్లా ఉన్నాయండీ" అన్నాడు. "అవునండీ, అట్టలే వేస్తాను" అని చెప్పి, బ్రష్షు కడుక్కుని పనిలో పడ్డాను.