ముందు సీటు ఖాళీగా, పర్చూరు నుంచి గుంటూరుకి కమాను కట్టల కోసం

ముందుగా క్షమాపణలు. నాకు మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి, నాలుగేళ్లు దయతో నా హాజరు వేసిన అధ్యాపకులకు, దయ్యాలు లేవని వాదించి నేను చల్లార్చిన ప్రతి భోజనానికి, సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. కొండలూ జలపాతాలూ చూద్దామని ఈ పేజీ తెరిచిన పాఠకులకు ఇంకా పెద్ద క్షమాపణ. ఇందులో ఉన్నవి ఒక పాత పికప్ బండి, దాని వెనక చక్రాల మీద కమాను కట్టలు, అరవై చిల్లర కిలోమీటర్ల దారి. అయినా మీ బండి ఒక పక్కకి ఒరిగి, దానికి సామాను కొనడానికి మీరు గుంటూరు బయల్దేరే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నన్ను తలుచుకుంటారు.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే, మా పెదనాన్న పోయిన వానాకాలంలో చనిపోయాడు. నిద్రలో, గుండెపోటుతో. భారీ మనిషి. ఆయనకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోలేదు. కానీ మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని బండి యార్డుకి బయల్దేరితే ఎడమ పక్క సీట్లో ఆయన ఉండాల్సిందే. నడిపేది ఆయన కొడుకు కోటేశన్నయ్య. ముల్లు నలభై దాటిందేమోనని పెదనాన్న మాటిమాటికీ కుడి పక్కకి ఒరిగి మీటరు చూసేవాడు. "నలభై, ఒరేయ్, నలభై." పదేళ్లు ఇదే పాట. పెద్దకర్మ అయ్యాక అన్నయ్య మొదటిసారి బండి బయటికి తీస్తే, చదునైన నేల మీద, సరుకేమీ లేకుండా, బండి కుడి పక్కకి ఒరిగి నిలబడింది. డ్రైవరు వైపుకి. ఊళ్లో ఎవరికీ ఇంజినీరు అవసరం పడలేదు. పెద్దాయన మీటరు చూస్తున్నాడన్నారు. అన్నయ్య ఇంట్లోంచి పెదనాన్న కండువా తెచ్చి ఎడమ సీటు మీద పరిచాడు. ఆ రోజు నుంచి అందులో పెళ్లాన్ని కూడా కూర్చోనివ్వలేదు.

ఇదంతా భరించవచ్చు. కానీ మా ప్రయాణానికి వారం ముందు సగం సరుకుతో వస్తుంటే కాలవ మీద కల్వర్టు దగ్గర బండి ఎడమ వెనక చక్రం నేల వదిలింది. అన్నయ్య ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా అన్నం తిన్నాడు. పద్మ వదిన నాకు ఫోన్ చేసింది. "సోమవారం కళ్లంలో ఉన్నయ్యన్నీ కోల్డ్ స్టోరేజీకి తోలాలి. నిండుగా ఎక్కిస్తే ఆ బండి ఈ మనిషిని మింగేసుద్ది. నువ్వు చదివింది బళ్ల గురించే కదా, వచ్చి చెప్పు." నేను చదివింది పరీక్ష ముందు రాత్రి మాత్రమేనని ఆమెకి చెప్పలేదు. అన్నయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. గుంటూరు వెళ్లి రేటు కనుక్కుంటాడు. నాన్న మాట తెలియకుండా బండికి పానా మాత్రం పెట్టనివ్వడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, పొద్దున ఆరింటికి పర్చూరు నుంచి బయల్దేరాం. నేను ముందు తలుపు తీయబోయాను.

"అక్కడ ఖాళీ లేదురా," అన్నాడు అన్నయ్య.

చూశాను. కండువా ఉంది. వెళ్లి వెనక తొట్టిలో, కుడి పక్క, క్యాబిన్‌కి వీపు ఆనించి కూర్చున్నాను. ఇది చట్టవిరుద్ధం, ఒళ్లు హూనం. మీరు చెయ్యకండి.

పొగమంచు బాగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా పత్తి మోళ్లు, వాటికి అక్కడక్కడ తెల్లగా మిగిలిపోయిన పింజలు. మంచు కొంచెం విడిన చోటల్లా మిరప ఆరబోసిన ఎర్రటి కళ్లాలు, ఒక్క మనిషీ లేకుండా. ఒక చేలో మిరపకోతకి వచ్చిన ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఘాటు తగలకుండా ముఖాలకి గుడ్డలు చుట్టుకోవడంతో కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. మేం దాటుతుంటే తలలన్నీ మెల్లగా ఒకేసారి తిరిగాయి. అందరూ క్యాబిన్‌లో ఎడమ పక్కకే చూస్తున్నారు. పెద్దాయన్ని వెతుక్కోవడం వాళ్లకి అలవాటు అని నాకు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను.

ఏడింటికి చిలకలూరిపేట. రోడ్డు పక్కన ఇడ్లీ తిన్నాం, ప్లేటు నలభై, అల్లం చట్నీకి ఇంకో పది ఇచ్చినా పాపం లేదు. టీ కొట్టాయన అడగకుండానే మూడు గ్లాసులు పెట్టాడు.

"పెద్దాయన దిగలేదే?" అన్నాడు.

చనిపోయిన సంగతి ఆయనకి తెలియదు. అన్నయ్య చెబుతాడనుకున్నాను.

"దిగలేదు," అన్నాడు అన్నయ్య. మూడో గ్లాసు తీసుకెళ్లి ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

గ్లాసులు తిరిగి ఇచ్చేటప్పుడు మూడూ ఖాళీ. అన్నయ్యే తాగాడని నా శాస్త్రీయ అభిప్రాయం. తాగుతుంటే చూడలేదు.

పేట దాటి హైవే ఎక్కాక ఒక మిరపకాయల లారీ మా కుడి పక్కనుంచి దాటింది. ఆ ఘాటుకి నేను తుమ్మిన తుమ్ములకి బండి కదిలి ఉండాలి. కళ్లు తుడుచుకుని క్యాబిన్ వెనక అద్దంలోంచి చూస్తే, అన్నయ్య చూపు రోడ్డు మీద లేదు. ఎడమ సీటు వైపు చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఫోను డ్యాష్‌బోర్డు మీదే ఉంది. బండి సరిగ్గా నలభై మీద పోతోంది. అద్దం మీద కొట్టి పిలుద్దామని చెయ్యి ఎత్తి, మళ్లీ దించేశాను. అంతకంటే ధైర్యం చేసే చదువు నేను చదవలేదు.

తొమ్మిది దాటాక గుంటూరు ఆటోనగర్. వదిన చెప్పిన కొట్టు ఎస్తేరు గారిది. భర్త పోయాక ఆమే నడుపుతోంది. గోడకి బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని కింద వేలాడుతున్న బుష్‌లు, బోల్టులు. పక్కనే షెడ్డులో ఆమె మేనల్లుడు బిగింపు పని చేస్తాడు. నేను గొంతు సవరించుకుని లోడ్ డిస్ట్రిబ్యూషన్ గురించి మొదలుపెట్టాను.

"బాబూ, నువ్వు కాస్త జరుగు, ఎలుతురు రావట్లా," అందామె. బండి వెనక్కి వెళ్లి, సిమెంటు నేల మీద నిలబెట్టించి, కొట్టు షట్టరు గీతతో తొట్టి అంచు పోల్చి చూసింది. కుడి పక్క నాలుగు వేళ్లు కిందికి ఉంది.

అప్పుడు ఆమె చెప్పిన విషయం మీకు పనికొస్తుంది, రాసుకోండి. కమాను కట్ట అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఇనుప పట్టీలు. కంపెనీ కట్ట జత పదిహేను వేలకి అటూ ఇటూ, మెత్తగా పోతుంది. లోకల్‌గా చేసినది ముప్పాతిక ధరకే వస్తుంది, పట్టీలు మందం, సరుకు మోస్తుంది గానీ ఖాళీగా పోయేటప్పుడు నడిపేవాడి నడుము మీదే గుంతలన్నీ లెక్కపెడుతుంది. పాత సామాను కొట్లో కట్టలు రంగేసి కొత్తవాటిలా అమ్ముతారు, గోరుతో గీకి చూడాలి.

"కుడిది ఒక్కటీ మారిస్తే?" అన్నాడు అన్నయ్య.

"ఒక చెప్పు కొనుక్కుంటావా, అబ్బాయ్?"

ఆమె మేనల్లుడు బండి కింద దూరి టార్చి వేశాడు. పట్టీలు లెక్కపెట్టాడు. తర్వాత లోపల్నుంచే అన్నాడు. "అత్తా, కుడి పక్క ఐదు పట్టీలే. ఎడమ పక్క ఆరున్నాయి."

ఎస్తేరు గారు అన్నయ్య వంక చూసింది. "ఆరోది ఎవరు వేయించారు?"

అన్నయ్యకి జ్ఞాపకం రావడానికి టైము పట్టింది. బండి కొన్న కొత్తలో అది ఎడమ పక్కకి అణిగేది. పెదనాన్న బరువుకి. ఊళ్లో అందరూ నవ్వుతున్నారని ఆయన చెప్పాపెట్టకుండా వేరేవాళ్ల చేత కమ్మరి దగ్గరికి తోలించుకెళ్లి, తన పక్కకి ఒక పట్టీ ఎక్కువ వేయించుకున్నాడు. ఆయన కూర్చుంటే బండి సమానంగా ఉండేది.

"ఆయన ఉన్నాడని కాదయ్యా ఒరిగింది," అందామె, గొంతు తగ్గించి. "లేడని."

అన్నయ్య ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఆ కట్ట మీద చెయ్యి పెట్టాడు. అక్కణ్ణుంచే అన్నాడు.

"మరి పొద్దున పేట దాటాక బండి నిటారుగా వచ్చిందండీ. ఆర్నెల్లలో మొదటిసారి. నేను చూస్తానే ఉన్నా. సీటు కేసి చూసి, నాన్నా మార్పించనా అని అడిగా. నలభై దాటనీయకుండా తీసుకొచ్చాడు. మార్చుకోమనేగా."

నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. "కంపెనీ జత దించరా," అని ఎస్తేరు గారు మేనల్లుడికి చెప్పింది.

మిట్టమధ్యాహ్నానికి పని అయింది. కొత్త కట్టలు రెండూ, బుష్‌లు, కట్టల్ని ఇరుసుకి బిగించే యు బోల్టులు. ఆటోనగర్ అంతా అన్నానికి వెళ్లిన ఆ గంటలో, ఎండలో, బండి ఒక్కటే నిలబడి ఉంది. షట్టరు గీతకి సమానంగా. ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంది. అన్నయ్య ఆరో పట్టీని అడిగి తీసుకుని, కండువాలో చుట్టి సీటు వెనక పెట్టాడు.

"ఎక్కరా, ఇంజినీరూ."

"ఖాళీ ఉందా?"

"ఉంది," అన్నాడు. సీటు మాత్రం నేను కూర్చునేసరికే వెచ్చగా ఉంది. ఎండ అవతలి పక్క నుంచి పడుతోంది.

సోమవారం టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీకి చేరాయి. కల్వర్టు మీద నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయని వదిన ఫోన్ చేసి చెప్పింది, అన్నయ్య మళ్లీ గట్టిగా నవ్వుతున్నాడని కూడా. ఈ దారిలో నేను నేర్చుకున్నది అంటూ ఉంటే, మనిషి పోయాక ఇంట్లో ఏదో ఒకటి ఆయన బరువుకే కట్టి ఉండిపోతుంది. ఇనుము విప్పేదానికంటే దాన్ని విప్పడానికి ఇంటివాళ్లకి ఎక్కువ టైము పడుతుంది. పనికొచ్చే మాట ఒక్కటి: కట్టలు ఎప్పుడూ జతగా, ఒకే లెక్క పట్టీలతో మార్చండి, పాత యు బోల్టులు తిరిగి వాడకండి, నాలుగు ట్రిప్పులు తిరిగాక వాటిని మళ్లీ బిగించండి.

ఇక ఈ మొత్తం ప్రయాణంలో నేను నిజంగా చేసిన పని ఒకే ఒక్కటి. వదినా, చదివితే నీలోనే ఉంచుకో. ఆ మిరపకాయల లారీ దాటినప్పుడు ఘాటు తట్టుకోలేక, కాసేపటికి నేను కుడి పక్క నుంచి లేచి తొట్టి చివర ఎడమ మూలకి వెళ్లి కూర్చున్నాను. డెబ్బై ఎనిమిది కిలోలు. బండిని నిటారుగా నిలబెట్టింది నేనే. అన్నయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

చెబుదామనే, తిరుగు ప్రయాణంలో యడ్లపాడు దగ్గర అడిగాను. "అన్నయ్యా, పొద్దున ఎందాకా నిటారుగా ఉంది?"

"ఆటోనగర్ గేటు దాకా రా. గేటు దగ్గర దిగాడు. మళ్లీ ఒరిగింది."

నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఎడమ మూల ఎండ పడుతోందని నేను పొద్దున యడ్లపాడులోనే లేచి, కుడి పక్కకి వచ్చి నిద్రపోయాను. అక్కణ్ణుంచి గుంటూరు దాకా ఎడమ పక్క ఉన్నది నేను కాదు.