రాయి ముట్టని రోజులు

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర్లో, నౌపడ దగ్గర మా ఊళ్ళో మీసాలు మొలుస్తున్న ప్రతివాడికీ సంగిడి రాయి పిచ్చి ఉండేది. గుండ్రటి ఆ బరువు రాయిని నేల మీంచి లేపి తలపైకి ఎత్తాలి. అమ్మవారి పండక్కి వీధికొకడు దిగేవాడు. ఒక ఏడాది మా వీధి తరఫున నేను దిగి, రొమ్ము దాకా తెచ్చి వదిలేశాను. జనం విరగబడి నవ్వారు. మళ్ళీ పండక్కి ఎత్తలేకపోతే ఇంకొకణ్ణి దించుతామని వీధి పెద్దలు తేల్చి చెప్పేశారు. ఆ మాటకి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇక చూడండి నా మొండితనం. ఏడాదంతా పొద్దున ఎత్తు, సాయంత్రం ఎత్తు, మధ్యలో ఉడకబెట్టిన ఉలవలు. తీరా పండగ రెండు నెలలుందనగా రాయి మోకాలు దాటడం మానేసింది. కష్టం చాలలేదనుకుని ఇంకా ఎత్తాను. ఒక రోజు అంబలి తాగుతుంటే చేతిలో గ్లాసు వణికింది. అది మా మామ్మ చూసింది.

మామ్మ ఉప్పు మడుల్లో పనిచేసేది. మర్నాడు నన్ను తీసుకెళ్ళి పక్కపక్కనే ఉప్పునీళ్ళు పెట్టి ఉన్న రెండు చిన్న మడులు చూపించి పందెం కట్టింది. ఒకటి నాది, ఒకటి తనది. ఎవరి ఉప్పు బాగుంటే వాళ్ళ మాట రెండోవాళ్ళు వినాలి. గెలుపు నాదేననుకున్నాను. రోజుకి రెండుసార్లు చెక్కపలకతో నా మడిని గోకాను. మామ్మ మాత్రం గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంది. వారం తిరిగేసరికి నా మడిలో బురద కలిసిన నల్లటి పొడి, ఆవిడ మడిలో తెల్లటి గల్లుప్పు.

"నీ మడి సూడు, నా మడి సూడు. కుదురుగా ఉండనిచ్చినావేటి దాన్ని? నీ ఒళ్ళుకీ అదే సేస్తన్నావు, ఎర్రి నాయినా," అంది.

పందెం ప్రకారం వారానికి మూడు రోజులే ఎత్తాలి. ఎత్తిన మర్నాడు రాయి ముట్టకూడదు. ముట్టని రోజున మామ్మ భుజాలకి నువ్వులనూనె రాసి పడుకోమనేది. నాకు రాయి ఎత్తాలని ఒకటే దురద, తోటివాళ్ళు ఎత్తేస్తున్నారని లోపల గుబులు. మూడో వారానికి రాయి మళ్ళీ రొమ్ము దాకా వచ్చింది. ఆరో వారానికి భుజం ఎక్కింది.

పండగనాడు ఎత్తాను. తలపైన రాయి, కింద మా వీధంతా ఈలలు, డప్పులు. అంత ఆనందం నాకు మళ్ళీ నా పెళ్ళిలో కూడా కలగలేదు, మా ఆవిడ ఏమనుకున్నా సరే. ఓడిన వీధివాళ్ళు ఉడుక్కుని, రేపు మళ్ళీ ఎత్తి చూపించమన్నారు. నిరుడైతే రొమ్ము విరుచుకుని ఒప్పుకునేవాణ్ణే.

"రేపు ముట్టను. ఎల్లుండి రండి, ఎత్తుతాను," అన్నాను.

వాళ్ళు ఎల్లుండి వచ్చారు. నేను ఎత్తాను, ముందుకంటే తేలిగ్గా.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. వారంలో నాలుగు రోజులు ఒళ్ళు చెమట పట్టేలా నడుస్తాను. మిగిలిన మూడు రోజులూ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. దారిన పోయేవాళ్ళు బద్ధకమా అని అడిగితే నాకేం సిగ్గు లేదు. రేపటి నడక ఇప్పుడే మొదలుపెట్టానని చెబుతాను.